లోపలి గదికి రాని బొమ్మ

రామమోహనరావు గారి హాల్లోకి కొత్త టీవీ వచ్చిందని తెలిసిన రోజు సైదులుకు అన్నం సయించలేదు. వాళ్ళు టీవీ కొన్నందుకు కాదు. వాళ్ళ డబ్బు, వాళ్ళ గోడ, వాళ్ళ ఇష్టం. దాన్ని గోడకు బిగించిన చెయ్యి తనది కాదు, అక్కడ మండింది.

తెలిసిన పద్ధతి ఇంకా అన్యాయం. ఎల్బీనగర్‌లో వాళ్ళుండే అపార్ట్‌మెంట్‌లోనే నాలుగో అంతస్తులో ఎవరిదో ఇన్వర్టర్ చూసి మెట్లు దిగుతుంటే, రెండో అంతస్తులో వాళ్ళ తలుపు బార్లా తీసి ఉంది. అలవాటు కొద్దీ లోపలికి తొంగిచూశాడు. పాత టీవీ బల్ల లేదు. గోడ మీద యాభై అయిదు అంగుళాల టీవీ, నల్లగా, నిగనిగలాడుతూ కనిపించింది. రామమోహనరావు గారి భార్య కుసుమకుమారి గారు గుడ్డతో దాని అంచులు తుడుస్తోంది.

"రా సైదులూ, చూశావా? మొన్న శుక్రవారం తెచ్చాం" అంది సంబరంగా.

"మంచిగున్నదమ్మా. ఎవలు పెట్టిన్రు?"

"మహేష్ అని, టీవీ కొట్టువాళ్ళు పంపారు. ఎంత నీటుగా పెట్టాడో చూడు, ఒక్క వైరు బయటికి కనపడదు. లోపల అత్తయ్యగారి గదిక్కూడా..."

ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మహేష్ అన్న పేరు దగ్గరే సైదులు చెవులు మూసుకుపోయాయి. కొట్టువాళ్ళు పంపితే మాత్రం? 'మాకు సైదులున్నాడండీ, మీ మనిషి అక్కర్లేదు' అని ఒక్క మాట అనొచ్చుగా? పళ్ళు కనపడేలా నవ్వి, పనుందని చెప్పి మెట్లు దిగాడు. స్కూటర్ స్టార్ట్ చేయడానికి నాలుగుసార్లు తన్నాడు. పాపం, దాని తప్పేం లేదు.

ఇందులో అంత ఉడుక్కోవడానికి ఏముందని మీకనిపించొచ్చు. మామూలు మెకానిక్కులకు దుకాణాలుంటాయి. సైదులుకు ఇళ్ళున్నాయి. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో ఇరుకు గది కిరాయికి తీసుకుని, దాన్నే దుకాణమనుకుని, ఇరవై రెండేళ్ళుగా టీవీలు బాగుచేస్తున్నాడు. కొత్తపేట నుంచి వనస్థలిపురం దాకా ఏ ఇంట్లో ఏ టీవీకి ఏ జబ్బుందో ఆయనకు కంఠతా వచ్చు. రంగులు సరిచూడాలంటే ఆయనకు ఏ మీటరూ అక్కర్లేదు; వార్తలు చదివే అమ్మాయి బొట్టు చూస్తాడు. బొట్టు ఎర్రగా ఉండి, బుగ్గ ఎర్రగా లేకపోతే టీవీ బాగున్నట్టు.

ఆ ఇళ్ళన్నిటిలోకీ ఆయనకు రామమోహనరావు గారిల్లు ఎక్కువ. ఆ ఇంట్లో రామమోహనరావు గారి తల్లి అమ్మాజీ గారంటే మరీ ఎక్కువ. తెనాలి వైపు మనిషి, ఎనభై దాటాయి, నోరు పెద్దది. వచ్చినవాళ్ళందరికీ "మా టీవీ మీద సైదులు చెయ్యి పడాల్సిందేనమ్మా, ఇంకెవరు ముట్టుకున్నా బొమ్మ రాదు" అని చెప్పేది. సైదులు ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి పెళ్ళానికి కొన్ని వందలసార్లు వినిపించి ఉంటాడు.

నిరుడు ఆవిడ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ లోపలి గదిలో మంచానికే అంకితం. ఆ గదిలో ఎనిమిదేళ్ళ కిందట సైదులే ఏరి కొనిపించి, తనే గోడకు బిగించిన ముప్ఫై రెండు అంగుళాల టీవీ ఉంది. సాయంత్రం ఏడున్నరకు అత్త లోపలి గదిలో, కోడలు హాల్లో కూర్చుని ఒకే సీరియల్ చూస్తారు. చూస్తూ గోడకు అటూ ఇటూ పోట్లాడుకుంటారు. సీరియల్లో అత్త తప్పని ఈ అత్త అంటుంది, కాదు కోడలిదే తప్పని ఈ కోడలంటుంది. ఇదొక విడ్డూరం. అరగంట పాటు ఇద్దరికీ లోకం అక్కర్లేదు. సైదులు ఎన్నోసార్లు ఆ పోట్లాట మధ్యలో కూర్చుని కాఫీ తాగాడు.

ఆ ఇంట్లో ఇప్పుడు మహేష్ అనేవాడు వైర్లు దాచాడు.

"ఏందయ్యా, కూర మంచిగలేదా?" అంది భార్య సంధ్యారాణి, కంచంలో అన్నం కెలుకుతున్న మొగుణ్ణి చూసి.

"గా మహేష్ అంట. కొట్టోళ్ళు పంపిన్రంట. గోడకు రంధ్రం చేసుడు వస్తే చాలు, ఇయ్యాల్రేపు ప్రతోడు మెకానికే."

"నీకు తెల్సా ఆయన?"

"నాకెందుకు తెల్వాలె?"

"తెల్వని మనిషి మీద గింత మంటేంది? పొద్దటి సంది ఇది ఏడోసారి ఆయన పేరు తీసుడు. లెక్కపెట్టుకుంటనే ఉన్న."

సైదులు చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ రాత్రి కలలోకి టీవీ రాలేదు గానీ, దాని వెనక కనపడకుండా దాక్కున్న వైర్లు మాత్రం వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే ఎల్బీనగర్ వెళ్ళాడు. ఇటు పనిమీద వచ్చినా, మీ కొత్త టీవీ జర చూసిపోదామని ఆగినా, అన్నాడు. అమ్మాజీ గారు లోపల నిద్రపోతోంది. కుసుమకుమారి గారు సరే చూడమని వంటింట్లోకి వెళ్ళింది.

సైదులు ఫోన్ లైటు వేసి టీవీ వెనక భాగం చూశాడు. వైర్లన్నీ జడలా అల్లి కట్టి ఉన్నాయి. గోడలో తవ్విన చోట సిమెంటు పూసి, దాని మీద గోడ రంగే వేశాడు ఆ మహానుభావుడు. టీవీ గీత గీసినట్టు నిటారుగా ఉంది. సైదులుకు ప్రాణం ఉసూరుమంది. తప్పు దొరకని పనిని చూసి సంతోషించేంత గొప్ప మనసు దేవుడు కొందరికే ఇస్తాడు; ఆ పంపకం రోజు సైదులు ఎక్కడో పనిలో ఉన్నట్టున్నాడు.

చివరికి సెట్‌టాప్ బాక్స్ రిమోట్ తీసుకుని సెట్టింగుల్లోకి వెళ్ళాడు. అక్కడ కనపడింది. పిక్చర్ సైజు 1080 మీద ఉంది.

ఆయన గుండె గంతేసింది. టీవీ ఫోర్‌కే, బాక్సు ఫోర్‌కే. పంపే బొమ్మ మాత్రం అందులో నాలుగో వంతు!

"అమ్మా, జర ఇట్ల రండి" అని పిలిచాడు. "గీ టీవీ ఫోర్‌కేది కదా? డబ్బా కూడ ఫోర్‌కేదే కదా? మరి గాయన 1080ల పెట్టిపోయిండేంది? నాలుగు బిందెలు పట్టే తొట్టిల ఒక్క బిందె పోసినట్టున్నది."

కుసుమకుమారి గారు చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ తెర వంక చూసింది. "అతనేదో చెప్పాడు సైదులూ. ఈ ఒక్క సెట్టింగూ మాత్రం కదపొద్దని రెండుసార్లు చెప్పాడు. ఎందుకన్నాడో, నా బుర్రలో ఉండి చావదు."

"తెల్వకుంటే గట్లనే చెప్తరమ్మా. ఇంగొకటి, గీ వైరు చూడండి ఎంత సన్నగున్నదో. ఫోర్‌కేకు ఇది ఆగది. రేపు మంచిది తెచ్చి నేనే పెట్టిస్త."

వైరు మీద సన్నటి అక్షరాలతో అది ఫోర్‌కేకు పనికొచ్చేదేనని రాసి ఉంది. సైదులు కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు కూడా. చదివి, కళ్ళద్దాలు తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో అంతయ్య కొట్టుకు వెళ్ళాడు. టీవీల వైర్లు, రిమోట్లు, స్టాండ్లు అమ్మే ఆ అంతయ్యకు, సైదులుకు పదిహేనేళ్ళ స్నేహం. హెచ్‌డీఎమ్‌ఐ వైరు, ఒకటిన్నర మీటరు అనగానే అంతయ్య మూడు రకాలు బల్లమీద పరిచాడు. ఒకటి మామూలు నల్లది. ఒకటి నూలు అల్లినది. మూడోది రెండు వైపులా బంగారు రంగు మూతి ఉన్నది, అద్దం పెట్టెలో పెళ్ళికూతురిలా కూర్చుంది.

సైదులు మూడోదాన్ని పట్టుకున్నాడు.

అంతయ్య నవ్వాడు. "ఏందన్నా, నువ్వేనా? గింత దూరానికి బంగారం మూతి ఎందుకని నువ్వే కదనే అందరికి చెప్తవ్? బొమ్మ వస్తే వస్తది, రాకుంటే రాదు, నడుమ ఏముండదని నా ముంగటనే ఎంతమందిని వాపసు పంపలే?"

"నాకు కాదు లేవయ్యా. కస్టమర్ గిదే కావాలన్నడు."

నిజానికి ఆ వైరుతో బొమ్మలో వెంట్రుకవాసి తేడా ఉండదు. ఆ సంగతి సైదులుకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ మార్కెట్లో లేరు. కానీ సైదులు కొంటున్నది బొమ్మ కోసం కాదు. ఆ బంగారు మూతిని కుసుమకుమారి గారి కళ్ళముందు పెట్టె విప్పి తీయాలి. మహేష్ పెట్టిన నల్ల వైరును పక్కన పడేయాలి. అందుకోసం.

మూడోరోజు మధ్యాహ్నం అంతా అనుకున్నట్టే జరిగింది. పెట్టె విప్పాడు. బాక్సు ఉన్న అర వెనక చెయ్యి పెట్టి, చూడకుండా తడిమే పాత వైరు లాగి కొత్తది గుచ్చాడు; పాతదాన్ని చుట్టచుట్టి ఆవిడ చేతికిచ్చాడు. సెట్టింగు ఫోర్‌కేకు మార్చాడు. అంతటితో ఆగకుండా టీవీలో రంగులన్నీ పైదాకా ఎక్కించి, సముద్రం అడుగున చేపలు తిరిగే వీడియో ఒకటి పెట్టాడు. సీరియల్ పెట్టలేదు, ఎందుకంటే సీరియల్లో తేడా గోరంత కూడా కనపడదు. ఈ కిటుకు కొట్లలో టీవీలు అమ్మేవాళ్ళది. సైదులు ఇన్నేళ్ళూ వాళ్ళను తిట్టినవాడే.

"అమ్మో! ఆ చేప ఇప్పుడే సోఫాలోకి దూకేట్టుంది సైదులూ" అంది కుసుమకుమారి గారు.

ఆ మాట కోసం సైదులు మూడు రోజులుగా ఎదురుచూస్తున్నాడు. లోపలి గదిలోకి తొంగిచూస్తే అమ్మాజీ గారు గుర్రుపెట్టి నిద్రపోతోంది, ఆవిడ టీవీ ఆపేసి ఉంది. "పెద్దమ్మ లేచినంక చెప్పండమ్మా, సైదులొచ్చి సరిచేసి పోయిండని" అని మెట్లు దిగాడు. స్కూటర్ ఒక్క తన్నుకే స్టార్టయింది.

సాయంత్రం ఏడున్నరకు ఫోన్ మోగింది. "సైదులూ, అత్తయ్యగారి టీవీ రావట్లేదు. సీరియల్లో ఇవాళ పెళ్ళి. ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఒక్కసారి వస్తావా?"

ఆఫీసులు వదిలే వేళ మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌ను ఈదుకుంటూ వెళ్ళేసరికి సీరియల్ అయిపోయింది. లోపలి గదిలో అమ్మాజీ గారు రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా టీవీ తెర నల్లగా ఉంది. ఈ సిగ్నల్ తనవల్ల కాదని తెర మధ్యలో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి ఉన్నాయి.

"వచ్చావా నాయనా. చూడరా, సరిగ్గా తాళి కట్టే రోజునే చచ్చింది. కట్టాడో లేదో కూడా తెలియలా నాకు."

"కట్టలేదత్తయ్యా, రేపటికి ఆపాడు" అంది కుసుమకుమారి గారు గుమ్మంలోంచి.

సైదులు తెరమీది రాత చదవగానే ఆగిపోయాడు. టీవీ వెనక నుంచి వైరు పట్టుకున్నాడు. అది గోడలోకి వెళ్ళింది. గోడకు అవతల హాల్లోకి వెళ్ళి చూస్తే, బాక్సు ఉన్న అర వెనక అగ్గిపెట్టంత పరికరం ఒకటి కనపడింది. దానిలోకి ఒక వైరు వెళుతోంది, దాన్నుంచి రెండు వైర్లు వస్తున్నాయి. ఒకటి కొత్త టీవీకి, ఒకటి గోడలోంచి అమ్మాజీ గారి టీవీకి.

అప్పుడు మొత్తం అర్థమైంది. ఇంతకుముందు ఆ ఇంట్లో రెండు టీవీలకు రెండు బాక్సులు. అమ్మాజీ గారి వేళ్ళు వణుకుతాయి, రిమోట్ నొక్కలేదు. చానల్ మార్చాల్సినప్పుడల్లా కోడలు వంట వదిలి లోపలికి పరుగెత్తేది. మహేష్ అది చూసి, ఒకే బాక్సు నుంచి రెండు గదులకూ బొమ్మ పంపాడు. హాల్లో ఏది పెడితే లోపలా అదే వస్తుంది. పాత టీవీ ఫోర్‌కేను తట్టుకోలేదు గనక, రెండింటికీ సరిపడేట్టు 1080 మీద ఉంచాడు. అది కదపొద్దని రెండుసార్లు చెప్పాడు కూడా.

సైదులుకు మొదట కలిగింది సిగ్గు కాదు. ఈర్ష్య. ఇంతకుముందు ఉన్నదానికి పదింతలు. ఇది నాకెందుకు తట్టలేదు? ఏడాదిగా ఆవిడ అటూ ఇటూ పరుగెత్తుతుంటే, ఆ హాల్లోనే కూర్చుని కాఫీ తాగి మూతి తుడుచుకుని వెళ్ళిన మనిషి తను. ఒక్కపూట వచ్చినవాడికి కనపడింది, తనకు కనపడలేదు.

"మధ్యాహ్నం నువ్వు మార్చావుగా. దానివల్ల కాదు కదా?" అని వెనకనుంచి కుసుమకుమారి గారు అడిగింది.

రిమోట్ సైదులు చేతిలోనే ఉంది. నాలుగు నొక్కులు నొక్కితే లోపల బొమ్మ వస్తుంది. నొక్కితే మహేష్ చేసింది ఒప్పవుతుంది, తను చేసింది తప్పవుతుంది. ఆవిడ కళ్ళముందే అవుతుంది. రేపటికల్లా ఆ మాట మహేష్ చెవిన పడుతుంది, నవ్వుతాడు.

"దానివల్ల ఎందుకైతదమ్మా" అన్నాడు. "గిది పాతదైపోయింది. ప్యానెల్ పోయింది."

"పోయిందా?" అమ్మాజీ గారి గొంతు లోపలినుంచి వచ్చింది. "నువ్వు కొనిపెట్టిందేగా? నిక్షేపంలా పదిహేనేళ్ళు ఉంటుందన్నావు."

"అన్న పెద్దమ్మా. దానికి టైమొచ్చింది, పోయింది. దుకాణంకు తీస్కపోయి చూస్త."

తను బిగించిన స్క్రూలు తనే విప్పాడు. మంచి టీవీని చచ్చిందని చెప్పి, దుప్పటిలో చుట్టి, చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

దుకాణంలో స్విచ్ వేయగానే అది మొదటి నొక్కుకే పలికింది. వార్తలు చదివే అమ్మాయి బొట్టు ఎర్రగా, బుగ్గలు సహజంగా ఉన్నాయి. సైదులు చప్పున ఆపేసి పైన గోనెపట్టా కప్పాడు. ఆయన లెక్క ఒకటుంది. ప్యానెల్ పోయిన టీవీ ఒక్కరోజులో బాగుపడితే ఎవరూ నమ్మరు. నాలుగైదు రోజులాగి తీసుకెళ్ళి బిగిస్తే, ఎవరూ చూడకుండా బాక్సును 1080 చేసేస్తే, సైదులు బాగుచేశాడన్న పేరూ వస్తుంది, గొడవా ఉండదు.

లెక్క బాగానే ఉంది. రోజులే గడవలేదు. కుసుమకుమారి గారు రోజూ ఫోన్ చేసేది, పార్ట్ రావాలమ్మా అని చెప్పేవాడు. నాలుగోరోజు ఆవిడ, "నేను సీరియల్ చూసి కథంతా వెళ్ళి చెబుతున్నా సైదులూ. విని ఊఁ అంటున్నారంతే. ఒక్కదానికీ పోట్లాడ్డం లేదు. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు" అంది. సైదులు ఫోన్ పెట్టేసి చాలాసేపు సోల్డరింగ్ కడ్డీని వేడి చేస్తూ కూర్చున్నాడు. దానితో చేయాల్సిన పనేమీ లేదు.

సద్ది తెచ్చిన సంధ్యారాణి గోనెపట్టా ఎత్తి, స్విచ్ వేసి చూసింది. "ఏమయ్యా, మంచిగనే నడుస్తుంది గదా. ముసలామెకెందుకు ఇయ్యవు?"

"నీకు తెల్వదు. ఊకో."

"నాకు తెల్వకనే ఉంటది. ఆ మహేష్ దాంట్ల దూరి కూసున్నట్టున్నడు" అని ఆమె గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది.

అయిదోరోజు సాయంత్రం కుసుమకుమారి గారి ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు వేరుగా ఉంది. "మధ్యాహ్నం మహేష్ వచ్చి వెళ్ళాడు సైదులూ. టీవీ పెట్టిన ఇంటికి పది రోజులకు మళ్ళీ వచ్చి చూసిపోతాడట. అత్తయ్యగారు నిన్ను వెంటనే రమ్మంటున్నారు."

మహేష్ బాక్సు చూసి ఉంటాడు. ఒక్క క్షణంలో కనిపెట్టి ఉంటాడు. చెప్పి ఉంటాడు, నవ్వుకుంటూ చెప్పి ఉంటాడు. టీవీని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా జవాబులు కుట్టుకుంటూనే వచ్చాడు. వాడు సరిగ్గా చెప్పి వెళ్ళలేదంటాను. ఆ డబ్బా నాసిరకందంటాను. వాడి వల్లే పాత టీవీ మీద దెబ్బ పడిందంటాను. ఎల్బీనగర్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడేసరికి పోట్లాటకు సిద్ధంగా ఉన్నాడు.

అమ్మాజీ గారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. టీవీ ఉన్నచోట నాలుగు రంధ్రాలు, పాత సున్నం మచ్చ మిగిలాయి. అలికిడికి ఇటు తిరిగింది.

"రారా. ఆ మహేష్ వచ్చాడు ఇవాళ."

"ఏమన్నడు పెద్దమ్మా?" సైదులు గొంతు సవరించుకున్నాడు.

"ఏమంటాడు? టీవీకేం కాలేదు అమ్మమ్మా, హాల్లో సెట్టింగు మారింది, అందుకే ఇక్కడ బొమ్మ రాలేదు, నేను మార్చేస్తా, టీవీ తెప్పించుకోండి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా సైదులు పోయిందన్నాక పోయినట్టే, నిన్నగాక మొన్న వచ్చావు, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషికి తప్పులు పడతావా అని చెడామడా దులిపేశా. రిమోట్ ముట్టుకోనివ్వలా."

కుసుమకుమారి గారు గుమ్మంలో నిలబడి, "పాపం, అంతలా తిట్టారు, అయినా ఒక్క మాట అనలా సైదులూ" అంది.

"ఏమంటాడే? కొనేరోజు కొట్టువాడితోనూ చెప్పించానుగా, మాకు సైదులున్నాడు, మీ మనిషి అక్కర్లేదని. వాళ్ళ మనిషి పెడితేనే గ్యారంటీ అన్నారు, లేకపోతే ఆ మహేష్ ఈ గడపెందుకు తొక్కుతాడు? నువ్వు చెప్పరా, బాగయిందా నా టీవీ?"

సైదులు కుట్టుకొచ్చిన జవాబుల్లో ఈ ప్రశ్నకు సరిపోయేది ఒక్కటీ లేదు. "అయింది పెద్దమ్మా" అని మాత్రం అన్నాడు. టీవీని గోడకు బిగించాడు, వైరు పెట్టాడు. హాల్లోకి వెళ్ళి బాక్సును 1080కి మార్చాడు. ఏడున్నర అయింది. రెండు గదుల్లోనూ ఒకేసారి సీరియల్ పాట మొదలైంది.

అమ్మాజీ గారు చప్పట్లు కొట్టింది. "చూశావుటే కుసుమా! నేను చెప్పలా? సైదులు చెయ్యి పడితే రాని బొమ్మ ఉందా? ఇంక ఆ మహేష్‌ని గుమ్మం ఎక్కనివ్వకు."

సైదులు వారం రోజులుగా కోరుకున్నదంతా ఒక్క రూపాయి తగ్గకుండా చేతికొచ్చింది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. చెప్పులు వేసుకున్నాడు. ఆ చెప్పులు మళ్ళీ విప్పడానికి ఎంతసేపు పట్టిందో ఆయనకు తెలియదు. లోపల సీరియల్లో ఒక ప్రకటన అయిపోయి ఇంకోటి వస్తోంది.

మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "పెద్దమ్మా, టీవీ పోలే."

"ఏవిటి?"

"టీవీ పోలే. మహేష్ చెప్పిందే నిజం. సెట్టింగ్ మార్చింది నేను. బొమ్మ ఎందుకొస్తలేదో ఆ పొద్దు ఇక్కడ నిలబడ్డప్పుడే నాకు తెల్సింది. నాలుగు బటన్లు నొక్కితే అయిపోయేది. ఆయన చేసిన పని నాకంటే మంచిగున్నది, నేను ఓర్వలేకపోయిన. అబద్ధం చెప్పిన."

కుసుమకుమారి గారు రిమోట్ తీసుకుని శబ్దం తగ్గించింది. అమ్మాజీ గారు తిడుతుందని సైదులు అనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"అమ్మమ్మా అని పిలిచాడురా వాడు" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "నీ మాట పట్టుకుని వాణ్ణి అన్ని మాటలన్నాను. తలొంచుకుని వెళ్ళిపోయాడు." కోడలి వైపు తిరిగి, "కుసుమా, ఆ అబ్బాయికి ఫోన్ కలిపి ఇటివ్వు" అంది.

ఫోన్ మోగుతుండగా దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు ఆవిడ. వణికే చేత్తో సైదులు ముందుకు చాపింది. "నేను చెప్పను. నువ్వు చెప్పు."

సైదులు ఫోన్ అందుకున్నాడు. అవతల హలో అన్న గొంతు, ఆయన ఇన్ని రోజులూ ఊహించుకున్న గొంతు కాదు. ఎక్కడో రోడ్డు మీద ఉన్నట్టున్నాడు, బండ్ల హారన్లు వినపడుతున్నాయి.

"తమ్మీ, నేను సైదుల్ని. రామమోహనరావు సార్ ఇంట్లకెళ్ళి మాట్లాడుతున్న."

"అన్నా, నువ్వా! అమ్మమ్మ నీ పేరే చెప్పింది" అన్నాడు మహేష్. ఆ గొంతులో కోపం కోసం సైదులు వెతికాడు, దొరకలేదు. "అమ్మమ్మ గదిల బొమ్మ వచ్చిందా అన్నా?"

అయిదు రోజుల్లో సైదులు ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. కుసుమకుమారి గారు ఎదురుగా నిలబడి వింటోంది. మంచం మీద అమ్మాజీ గారు టీవీ చూడ్డం లేదు, ఆయన్నే చూస్తోంది.

"వచ్చింది తమ్మీ" అన్నాడు సైదులు. "నువ్వు పెట్టిన కాడనే పెట్టిన. తప్పు నాది."